డి క్యాంపు

ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు:
కర్నూలు మూడేండ్లు రాజధానిగా ఉన్నప్పుడు
గుడారాల్లో ఫైళ్లు విప్పుకున్న సర్కారు
పోతూ పోతూ వదిలేసిన అక్షరాలు.
నాలుగోది మాకెవరూ ఇవ్వలేదు.
మేమే తీసుకున్నాం.

ఆటో వస్తుంది, పది రూపాయలెక్కువ.
పోస్టు రాదు.
మున్సిపాలిటీ పుస్తకంలో మేము
‘సీ క్యాంపు వెనక, వంక దాటినాక, మిగులు భూమి’.

పందొమ్మిదేండ్లు నేనిక్కడ వాల్వు తిప్పినాను.
దినం మార్చి దినం, తెల్లారుజామున నాలుక్కి
ముందు పైలైను, ముక్కాలు గంట,
తర్వాత కిందలైను, నీళ్లున్నంతసేపు.
చదువుకున్నోళ్లు చరిత్రను సంవత్సరాల్లో చెప్తారు.
నాకు తెలిసిందంతా పైపుల్లోనే ఉంది.

సిమెంటు పైపునాడు పద్నాలుగిండ్లు.
శ్రీశైలం నీళ్లు వెనక్కి తన్నితే
ఊరు ఊరంతా బండ్లకెత్తుకొని వచ్చినోళ్లు.
బోయ ఉరుకుందమ్మ తలుపు తెచ్చింది,
గడపతో సహా, గొళ్లెంతో సహా.
గోడలు లేవడానికి ఆర్నెల్లు పట్టింది.
ఆ ఆర్నెల్లూ
రాత్రి కాగానే లేచి తలుపుకు గొళ్లెం పెట్టి
మూడు దిక్కులా గాలిలో పడుకుంది.

ఇనుప పైపునాడు బండల పాలిష్ మిషన్లొచ్చినాయి.
కాశింపీరా మిషన్ మొదటిది.
మోరీల్లో నీళ్లు మజ్జిగలా పారేవి,
మొగోళ్ల కనురెప్పలు తెల్లబడేవి,
దగ్గు మాత్రం ఆడోళ్లకు వినిపించేది.
బేతంచెర్ల నుంచొచ్చిన నాపరాళ్లలో
విరిగినవి, మూల పోయినవి, రంగు కుదరనివి
కూలీ కింద ఇండ్లకు చేరేవి.
ఇప్పటికీ ఇక్కడ ఏ ఇంట్లోనూ
నేలంతా ఒక్క రంగు ఉండదు.
పిల్లోళ్లు తొక్కుడుబిళ్లకు గీతలు గీసుకోరు.

నల్ల ప్లాస్టిక్ పైపు వరద తర్వాతది.
హంద్రీ, తుంగభద్ర
ఒకే రాత్రి పాతూర్లోకి వచ్చినప్పుడు
మాబున్ని కుట్టుమిషన్ తలకాయను
బురఖాలో చుట్టుకొని గుట్టెక్కి వచ్చింది.
చక్రం, బల్ల, కొలతల పుస్తకం అన్నీ పోయినాయి.
ఉరుకుందమ్మ జొన్నరొట్టె పెట్టి అడిగింది,
“యాడిదాకా వచ్చినాయి నీళ్లు?”
“ఫ్యాను దాకా.”
“దిగినాయా?”
“నాలుగు దినాలకు దిగినాయక్కా.”
ఉరుకుందమ్మ ఇంకో రొట్టె వేసింది.
“మావింకా దిగలేదు.”

అప్పట్నుంచి ఆ ఇద్దరిదీ ఒకే కొళాయి.
కొట్లాటలు లేవని కాదు,
బిందె మొదటిది ఎవరిదని
నా ముందే జుట్టు పట్టుకున్నారొకసారి.

నా ఆఖరి నెల కొత్త లైను తవ్వుతుంటే
గడ్డపారకు ఇనుము తగిలింది.
మూరెడు మేకు, తల మీద సుత్తిదెబ్బలు.
“రాజధాని గుడారానిది” అన్నాడు అటెండరు సుంకన్న,
టోపీ లేకపోయినా సల్యూట్ కొట్టినంత పని చేసి.
“కాదప్పా, సర్కస్‌ది, నేను ఏనుగును చూసినా” అని మాబున్ని.
కాశింపీరా కొడుకు ఫోటో తీసి
ఎవరికో పంపినాడు, జవాబు రాలేదు.
సాయంత్రానికి దానికి ఉరుకుందమ్మ మేక కట్టేసి ఉంది.

ఆ వారమే
వంకవతల గేటు పెట్టిన లేఅవుటువాళ్లు
రంగుల కాగితాలు పంచినారు.
స్విమ్మింగ్ పూల్ బొమ్మ కింద, చిన్నక్షరాల్లో
‘డి క్యాంపుకు కూతవేటు దూరంలో’.
అచ్చులో మా పేరు మొదటిసారి.
సుంకన్న గట్టిగా రెండుసార్లు చదివి,
అద్దం కట్టించాలని
మేకు పక్కనున్న అరుగు మీద పెట్టి
కళ్లజోడు తుడుచుకోవడానికి లోపలికి పోయినాడు.

మేక పేరున్న సగమే తిన్నది.
స్విమ్మింగ్ పూల్ ముట్టలేదు.

పోస్టింకా రాదు.
నీళ్లు ఎల్లుండి, కిందలైను ముందు.